ముందు చోటు కుదుర్చుకోండి, గ్రాంటు సంగతి తర్వాత

ప్రశ్న: మేడమ్ గారూ, మాది అనంతపురం జిల్లా. దక్షిణ కాలిఫోర్నియాలో ఒక యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది చదువుతున్నాను. మొహావీ ఎడారిలో కార్చిచ్చు తర్వాత నేల పైపొర ఎలా కోలుకుంటుందో చూడటం నా పని. మా గైడ్ మంచివారే కానీ, ఫీల్డ్‌వర్క్‌కి తన దగ్గర డబ్బు లేదు, చిన్న గ్రాంట్లు వెతుక్కోమన్నారు. నాది ఎఫ్-1 (విద్యార్థి) వీసా కాబట్టి కొన్నిటికి అర్హతే లేదు. అర్హత ఉన్న ఒకదానికి అప్లై చేస్తే తిరస్కరించారు. ఆ ప్రపోజల్ జతచేస్తున్నాను, ఎక్కడ దెబ్బతిన్నానో చెప్పగలరా? ఇదంతా ఎందుకు, సొంత డబ్బుతో వెళ్ళొచ్చేద్దామా అని కూడా అనిపిస్తోంది. ఎండ నాకు కొత్త కాదు గానీ, ఎడారికి ఒక్కదాన్నే వెళ్తానంటే అమ్మకి టెన్షన్. జోధ్‌పూర్‌లో చదువుతున్న నా స్నేహితుడికి థార్‌లో బట్టమేక పిట్ట మీద పని చేయాలని ఉంది. అతనికి కూడా ఏదైనా చెప్పండి. నా పేరు వేయొద్దు.

సమాధానం: మీ ప్రపోజల్ చదివాను. మీ ప్రశ్న బాగుంది. 2020 ఆగస్టులో పిడుగుపడి అంటుకున్న డోమ్ ఫైర్ మొహావీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ప్రాంతంలోని సీమా డోమ్ గుట్ట మీద 43 వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. 13 లక్షల దాకా జాషువా చెట్లు పోయాయని అంచనా. అందరి కళ్ళూ ఆ చెట్ల మీదే ఉన్నాయి. చెట్ల మధ్య ఖాళీ నేల మీద సయనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి కట్టిన సన్నటి పెచ్చు, మీరు బయోక్రస్ట్ అని రాసినది, దాని గతి ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ. గాలికి మట్టి లేచిపోకుండా పట్టి ఉంచేది ఆ పెచ్చే. దానికి గ్రాంటు రాకపోవడానికి మీ విషయం కారణం కాదు.

కారణం ఎక్కడుందంటే, మీరు మొదటి పేరా అంతా ప్రపంచంలోని ఎడారులకి ఇచ్చేశారు. రెండో పేరా వాతావరణ మార్పుకి. మూడో పేరాలో బయోక్రస్ట్ ఎంత ముఖ్యమైనదో చెప్పారు, అది సరే. పేజీ అడుగున, నాలుగో పేరాలో, ‘మొహావీ ఎడారిలో అనువైన ప్రదేశాన్ని ఎంపిక చేసుకుంటాను’ అని రాశారు. చదివేవాళ్ళు పెన్ను పక్కన పెట్టేసింది అక్కడే అయివుంటుంది. మొహావీ నాలుగు రాష్ట్రాల్లోకి పరుచుకున్న ఎడారి. అందులో ‘అనువైన ప్రదేశం’ అంటే, ఈ అమ్మాయి ఇంకా అక్కడికి వెళ్ళలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, అనుమతి సంగతి తెలీదు, డబ్బిచ్చినా ఈ ఏడాది పని మొదలవుతుందో లేదో అని అర్థం చేసుకుంటారు. మీ గురించి అది నిజం కాకపోవచ్చు. కాగితం మీద మాత్రం అలాగే ఉంది.

పెద్ద గ్రాంటుకీ చిన్న గ్రాంటుకీ తేడా ఇక్కడే. లక్షల డాలర్ల గ్రాంటులో పెద్ద ఆలోచన అమ్ముడుపోతుంది. వెయ్యి, రెండు వేల డాలర్ల గ్రాంటు ఇచ్చేవాళ్ళు ఆలోచన కొనరు. ఆ వెయ్యితో ఎవరు, ఏ నెలలో, ఏ రోడ్డు పక్క, ఏం కొలుస్తారో చూస్తారు. వాతావరణ మార్పు పేరు చెప్పి కాయలమ్ముకునే ప్రపోజళ్ళు వాళ్ళ దగ్గరికి కుప్పలుగా వస్తాయి. అందుకే నేను మీకు చెప్పేది ఒక్కటే: గ్రాంట్ల జాబితా మూసేసి, ముందు చోటు కుదుర్చుకోండి. చోటు కుదిరితే అక్కడివాళ్ళే ఏ డబ్బు ఎక్కడుందో చెప్తారు.

చోటంటే ఏమిటో చెప్తాను. మొహావీ ప్రిజర్వ్ లోపలే రెండు పరిశోధన కేంద్రాలున్నాయి. ఒకటి స్వీనీ గ్రానైట్ మౌంటెన్స్ డెజర్ట్ రీసెర్చ్ సెంటర్. ఇది మీ యూసీ వాళ్ళ నేచురల్ రిజర్వ్ సిస్టమ్‌లో భాగం. అంటే మీ సొంత యూనివర్సిటీ ఇల్లు అక్కడ ఉంది, మీరు ప్రపోజల్‌లో దాని పేరే ఎత్తలేదు! రెండోది బేకర్ ఊరి దగ్గర జైజిక్స్ అనే చోట కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళు నడిపే డెజర్ట్ స్టడీస్ సెంటర్. దాని చరిత్ర తమాషాగా ఉంటుంది. కర్టిస్ స్ప్రింగర్ అనే రేడియో ప్రబోధకుడు 1944లో ప్రభుత్వ భూమిలో దిగి, ఖనిజ జలాలతో రోగాలు నయం చేస్తానని ముప్ఫై ఏళ్ళు ఆశ్రమం లాంటిది నడిపాడు. 1974లో ఖాళీ చేయించారు. అతను తవ్వించిన చెరువులో ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉన్న మొహావీ టుయీ చబ్ అనే చేప బతుకుతోంది. విద్యార్థులు, పరిశోధకులు ఉండటానికి అక్కడ వసతి ఉంది.

ఈ రెండిట్లో మీరు ముందు రాయాల్సింది గ్రానైట్ మౌంటెన్స్‌కి. ఆ కేంద్రం నడిపేవాళ్ళకి ఒక మెయిల్. మన పిల్లలు ఇక్కడ వెనకాడతారు. పెద్దవాళ్ళు, బిజీగా ఉంటారు, ఏమనుకుంటారో అని. అడగందే అమ్మయినా పెట్టదు. ఫీల్డ్ స్టేషన్ నడిపేవాళ్ళకి విద్యార్థులు రావడమే పని, రాకపోతేనే వాళ్ళకి ఇబ్బంది. మెయిల్ ఎనిమిది వాక్యాలు దాటొద్దు. మీరెవరు, మీ గైడ్ ఎవరు, ప్రశ్న ఏమిటి, ఎన్ని ప్లాట్లు (కొలతల కోసం గుర్తు పెట్టుకునే నేల ముక్కలు), ఏ నెలల్లో, ఏం తీసుకెళ్తారు (మట్టి ఎంత, ఎంత లోతు నుంచి), రాత్రి ఉండటానికి చోటు దొరుకుతుందా, కాలిన నేల ఏ రోడ్డు నుంచి చూడటం తేలిక. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. వాన వరదకి ఏ రోడ్డు కొట్టుకుపోయిందో ఏ మ్యాపూ చెప్పదు, ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళే చెప్పాలి.

ఆ రోడ్డు సంగతి బడ్జెట్‌ని సగానికి సగం మార్చేస్తుంది. మీరు ఫోర్-వీల్ డ్రైవ్ అద్దెకి పెద్ద మొత్తం వేశారు. మామూలు అద్దె కారు కంపెనీల ఒప్పందాల్లో తారు రోడ్డు దాటొద్దని ఉంటుంది. దాటాక ఏమైనా అయితే బీమా చేతులెత్తేస్తుంది. సీమా రోడ్డు తారు రోడ్డే, కాలిన డోమ్ పక్కనుంచే పోతుంది. అక్కణ్ణించి నడిచి వెళ్ళగలిగే దూరంలో ప్లాట్లు పెట్టుకుంటే ఫోర్-వీల్ అవసరమే ఉండదు. మరీ రోడ్డు అంచున కాదు సుమా. దుమ్ము, బండ్లు ఆపుకుని దిగినవాళ్ళ అడుగులు లెక్కలు పాడుచేస్తాయి. రోడ్డుకి కనీసం ఎంత దూరంలో ప్లాట్లు పెడతారో, ఎందుకు అంత దూరమో ఒక వాక్యంలో రాయండి. ప్రపోజల్ చదివే అనుభవజ్ఞులు ఇలాంటి వాక్యం దగ్గర ఆగి, ఈ అమ్మాయికి నేల తెలుసు అనుకుంటారు.

ఇంకో వాక్యం కూడా కావాలి: పెచ్చు మీద పని చేయడానికి వెళ్ళి పెచ్చుని తొక్కకుండా ఎలా తిరుగుతారు? ఒక్క అడుగు పడితే విరిగే పొర కోలుకోవడానికి దశాబ్దాలు పట్టొచ్చు. వాగు ఇసుకలోంచి, రాళ్ళ మీదుగా నడుస్తాను, ఒకే దారిలో వెళ్ళి ఒకే దారిలో వస్తాను అని రాయండి. మీ ప్రపోజల్‌లో దీని ఊసే లేదు. పార్కు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

ఇక అనుమతి. మీ ఉత్తరం మొత్తంలో నాకు కంగారు పుట్టించింది సొంత డబ్బుతో వెళ్ళొచ్చేద్దామా అన్న మాట. చూడ్డానికి వెళ్ళండి, అందులో తప్పేం లేదు. మొహావీ ప్రిజర్వ్‌కి ప్రవేశ రుసుము కూడా లేదు. వారాంతంలో వెళ్ళి ఫొటోలు తీసుకుని, నడిచి, నోట్సు రాసుకుని రండి. ఆ ఒక్క ప్రయాణం మీ ప్రపోజల్‌ని మార్చేస్తుంది. కానీ నేషనల్ పార్క్ సర్వీస్ ఇచ్చే పరిశోధన, సేకరణ పర్మిట్ లేకుండా చెంచాడు మట్టి కూడా ఎత్తకూడదు. ఎత్తితే అది కేసు. వీసా మీద ఉన్నవాళ్ళకి అలాంటిది మెడకి చుట్టుకుంటే ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. పైగా పర్మిట్ లేకుండా తెచ్చిన డేటాని ఏ మంచి జర్నలూ అచ్చు వేయదు.

పర్మిట్‌కి ఆన్‌లైన్లోనే దరఖాస్తు పెట్టాలి. కనీసం మూడు నెలల ముందు పెట్టుకోవాలి. ప్రిజర్వ్‌లో దాదాపు సగం చట్టప్రకారం విల్డర్నెస్, అంటే మనిషి చేయి పడకుండా వదిలేసిన నేల. అక్కడ బండి వెళ్ళకూడదు, ప్లాటు గుర్తుకి ఒక ఇనప కడ్డీ పాతాలన్నా విడిగా సమాధానం చెప్పుకోవాలి. మీ ప్లాట్లు ఆ గీత లోపల పడతాయో బయట పడతాయో ముందే చూసుకోండి. బయట పెట్టుకోగలిగితే నెలలు ఆదా. పర్మిట్ వచ్చాక ఏటా పార్కుకి ఒక చిన్న నివేదిక పంపాలి. ఎగ్గొడితే తర్వాతి పర్మిట్ దగ్గర ఇబ్బంది పడతారు. పర్మిట్ చేతిలో లేకపోయినా, దరఖాస్తు పెట్టాను, ఫలానా నెలలో వస్తుందని చూస్తున్నాను అని ప్రపోజల్‌లో రాయగలిగితే చాలు. పోటీలో ఉన్న చాలామంది ఆ ముక్క రాయలేరు.

ఇప్పుడు డబ్బు. మీకు అందరికంటే దగ్గర్లో ఉన్నది మిల్డ్రెడ్ మథయాస్ పేరిట యూసీ నేచురల్ రిజర్వ్ సిస్టమ్ ఇచ్చే గ్రాడ్యుయేట్ గ్రాంటు. ఆవిడ యూసీఎల్‌ఏలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. పెద్ద మొత్తం కాదు. యూసీ గ్రాడ్యుయేట్ విద్యార్థి అయివుండాలి, వాళ్ళ రిజర్వుల్లో పని చేయాలి, ఇవీ ముఖ్యమైన షరతులు. మీ కాలిన ప్లాట్లు సీమా డోమ్ మీద ఉంటాయి, అది వాళ్ళ రిజర్వ్ కాదు. కానీ కాలని నేల ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి మీకు ప్లాట్లు కావాలి కదా. వాటిలో కొన్ని గ్రానైట్ మౌంటెన్స్‌లో పెట్టుకోండి. రెండు చోట్లా నేల గ్రానైట్ జాతి రాళ్ళు అరిగి ఏర్పడిందే, ఎత్తు కూడా కలిసేలా ఎంచుకోవచ్చు. అయితే పోలిక మొత్తం దాని మీదే ఆనించకండి. అక్కడి చెట్టూ చేమా వేరు, వాన వేరు. డోమ్ మీదే కాలకుండా మిగిలిన ముక్కల్లో కూడా ప్లాట్లు ఉండాలి. ఈ సంగతి మీరే ముందుగా రాస్తే సమీక్షకుడికి అడిగే పని తప్పుతుంది.

రెండోది సిగ్మా జై. 1922 నుంచి విద్యార్థులకి చిన్న గ్రాంట్లు ఇస్తున్న సంస్థ. విదేశీ విద్యార్థులకీ అర్హత ఉంది. ఇందులో ఒక కిటుకు ఉంది. వాళ్ళ నిధుల్లో ఎక్కువ భాగం సభ్యత్వం ఉన్న విద్యార్థులకీ, గైడ్‌కి సభ్యత్వం ఉన్నవాళ్ళకీ పోతుంది. కాబట్టి అప్లై చేసేముందు మీ గైడ్‌ని, మీరు సభ్యులేనా అని అడగండి. కాకపోతే మీరే చేరండి, చందా పెద్దదేమీ కాదు. మీ పనిలో నాచు మొక్కలు ఉన్నాయి కాబట్టి కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ, సదరన్ కాలిఫోర్నియా బొటనిస్ట్స్ లాంటి సంఘాల విద్యార్థి గ్రాంట్లు కూడా చూడండి. ఇలాంటి చోట్ల దరఖాస్తులు చదివేది ఆ కొండలు ఎక్కి దిగినవాళ్ళే. చోటు పేరు సరిగ్గా రాస్తే వాళ్ళకి వెంటనే బొమ్మ కడుతుంది.

జాషువా ట్రీ నేషనల్ పార్కులో పని చేసే గ్రాడ్యుయేట్ విద్యార్థులకి రాబర్ట్ లీ పేరిట ఒక గ్రాంటు ఉంది. పార్కుతో కలిసి పనిచేసే సంఘం ఇస్తుంది. మీ జాబితాలో అది మొదట్లోనే ఉంది. వద్దంటాను. ఆ పార్కు వేరు, ప్రిజర్వ్ వేరు. మధ్యలో గంటల ప్రయాణం. డబ్బు అక్కడుందని ప్రశ్నని అక్కడికి ఈడ్చుకెళ్తే, రెండు పర్మిట్లు, రెండు బడ్జెట్లు, చివరికి ఎటూ తేలని థీసిస్ మిగులుతాయి. మీ ప్రశ్న 2020 మంట గురించి. అక్కడే ఉండండి. మొహావీ తాబేలు మీద పనిచేసేవాళ్ళకి డెజర్ట్ టార్టాయిస్ కౌన్సిల్ అవార్డు ఉంది, రాళ్ళూ భూచరిత్రా అయితే జియొలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా గ్రాంట్లున్నాయి. అవి మీవి కావు, ఈ ఉత్తరం చదివే ఇంకెవరికైనా పనికొస్తాయని చెప్తున్నాను.

ఎఫ్-1 మీద అర్హత లేనివాటి గురించి బాధపడకండి. ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అమెరికా పౌరులకీ, గ్రీన్ కార్డు వాళ్ళకే. దాని చుట్టూ తిరిగి లాభం లేదు. కానీ ప్రభుత్వ డబ్బంతా అలాంటిదే అనుకోకండి. గైడ్ పేరు మీద యూనివర్సిటీ ద్వారా వెళ్ళే గ్రాంట్లలో విద్యార్థి పౌరసత్వం సాధారణంగా అడ్డు కాదు. ప్రకటనలో అర్హత పేరా ఒక్కటీ మొదట చదవడం అలవాటు చేసుకోండి, మిగతాది తర్వాత.

మీ బడ్జెట్ గురించి కొంచెం కటువుగా చెప్పాలి. లాప్‌టాప్ తీసేయండి. కాన్ఫరెన్స్ ప్రయాణం తీసేయండి. ఫీల్డ్ గ్రాంటు ఇచ్చేవాళ్ళు చాలామంది వీటికి ఇవ్వరు, అవి కనబడగానే వీళ్ళు ప్రకటన చదవలేదనుకుంటారు. ‘ప్రయాణం - 1,500’ అని ఒక అంకె పడేశారు. అది ఎలా వచ్చింది? మీ క్యాంపస్ నుంచి 200 మైళ్ళు అనుకుందాం. రానూపోనూ 400. 2025కి అమెరికా పన్నుల శాఖ మైలుకి 70 సెంట్లు రేటు కట్టింది. ఒక ట్రిప్పుకి 280 డాలర్లు. ఆరు ట్రిప్పులకి 1,680. ఇలా రాస్తే అంకె పెద్దదైనా ఎవరూ ప్రశ్నించరు. మీ యూనివర్సిటీ వాడే రేటు ఎంతో కనుక్కుని అదే వేయండి. స్టేషన్‌లో రాత్రికి ఎంత, మట్టి పరీక్షకి ల్యాబ్ ఒక్కో నమూనాకి ఎంత తీసుకుంటుంది, ఎన్ని నమూనాలు, అన్నీ ఇదే పద్ధతి. మొత్తం గ్రాంటు కన్నా ఎక్కువైతే దాచకండి. ఇందులో ఫలానా నాలుగు ట్రిప్పులు ఈ గ్రాంటు డబ్బుతో, మిగతా రెండు డిపార్ట్‌మెంట్ డబ్బుతో అని చూపించండి. డిపార్ట్‌మెంట్‌లో రెండు మూడు వందలైనా అడిగి తెచ్చుకోండి. మొదటి రూపాయి పెట్టినవాళ్ళుంటే రెండో రూపాయి పెట్టడానికి మనుషులు ధైర్యం చేస్తారు.

డబ్బు వచ్చాక పన్ను అనే తలనొప్పి ఒకటుంది, ముందే చెప్తున్నా. అమెరికా లెక్కల్లో ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకి పోయే స్కాలర్‌షిప్ డబ్బుకి పన్ను ఉండదు గానీ, ప్రయాణానికీ బసకీ ఇచ్చినదానికి పడుతుంది. ఎఫ్-1 మీద మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు మీరు నాన్‌రెసిడెంట్ లెక్క. నేరుగా మీ చేతికి గ్రాంటు వస్తే 14 శాతం ముందే కోసుకుని, 1042-ఎస్ అనే పన్ను కాగితం ఇవ్వొచ్చు. రిటర్న్ వేసేటప్పుడు భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, అందులో కొంత వెనక్కి రావచ్చు. ఈ గొడవంతా తగ్గాలంటే, గ్రాంటుని యూనివర్సిటీ ఖాతాకి పంపించి, రసీదులు చూపించి ఖర్చు తీసుకునే పద్ధతి కుదురుతుందేమో అవార్డు ఉత్తరం మీద సంతకం పెట్టకముందే అడగండి. సంతకం పెట్టాక మార్చడం కష్టం. మీ క్యాంపస్ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. గ్రాంటు సాధారణంగా ఉద్యోగం కింద రాదు, అయినా కాగితం మీద ఉండటం మంచిది.

ఎండ కొత్త కాదన్నారు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల లెక్కన వాన పడుతుంది, కరువు సీమ అంటాం. మొహావీలోనే ఉన్న డెత్ వ్యాలీలో అది 60కి కూడా చేరదు. అక్కడి ఫర్నెస్ క్రీక్‌లోనే 1913లో 56.7 డిగ్రీలు నమోదైంది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలీదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. మన ఊళ్ళో చొక్కా తడిసి దాహం గుర్తొస్తుంది, అక్కడ గుర్తొచ్చేసరికి తల తిరుగుతుంటుంది. అలవాటున్నవాళ్ళమనే ధీమానే ప్రమాదం. మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్ల దాకా నీళ్ళు బండిలో ఉండాలి, పని ఉన్న రోజు ఇంకా ఎక్కువ. అదృష్టం ఏమిటంటే మీ పనికి వేసవి అక్కర్లేదు. ఆ నాచూ లైకెన్లూ చలికాలం వానకి తడిసినప్పుడే మేలుకుంటాయి కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మీ సీజన్. అప్పుడు సమస్య చలి. సీమా డోమ్ పైభాగం 1,500 మీటర్లు దాటి ఉంటుంది, రాత్రి నీళ్ళు గడ్డకడతాయి, ఒక్కోసారి మంచు కూడా పడుతుంది. స్వెట్టర్ కొనమని అమ్మకి చెప్తే ఎడారికి స్వెట్టరేమిటే అంటారు, కొనండి.

ఒంటరిగా వెళ్ళే విషయంలో నేను అమ్మగారి పక్షమే. ప్రిజర్వ్‌లో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. లోపల పెట్రోలు బంకు లేదు. బేకర్‌లో నింపుకుంటే జేబుకి చిల్లు, అయినా నింపుకోవాలి. చీలమండ బెణికితే చాలు, రోజు గడిచేదాకా ఎవరికీ తెలీదు. అందుకని సహాయకుడి ఖర్చుని బడ్జెట్‌లో ఒక వరుసగా వేయండి. జీతం ఇవ్వలేకపోయినా తోడొచ్చే అండర్‌గ్రాడ్యుయేట్‌కి భోజనం, బస. ఇది లగ్జరీ అనుకుని మీరు మానేసినట్టున్నారు. సమీక్షకులకి ఇది బాధ్యతగా కనిపిస్తుంది. శాటిలైట్ మెసెంజర్ చిన్న పరికరం, చాలా డిపార్ట్‌మెంట్లలో అరువిస్తారు, నెల చందా మాత్రం గ్రాంటులో పెట్టుకోవచ్చు. ఏ రాత్రి ఎన్నింటికి ఎవరికి మెసేజ్ పెడతారు, రాకపోతే వాళ్ళు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసి ల్యాబ్‌మేట్‌కి ఇవ్వండి. ఆ పని అమ్మకి ఇవ్వకండి. పది నిమిషాలు ఆలస్యమైతే అనంతపురంలో ఇల్లంతా లేచి కూర్చుంటుంది, పైగా అక్కణ్ణించి ఆవిడ చేయగలిగింది ఏమీ ఉండదు. అమ్మకి స్టేషన్ ఫోన్ నంబరు, తోడొచ్చే అమ్మాయి పేరు చెప్పండి, చాలు. మరోటి: ఎప్పుడైనా దక్షిణాన అంజా-బొరెగో ఎడారి పార్కు వైపు వెళ్తే అది మెక్సికో సరిహద్దుకి దగ్గర. దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి. పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన విద్యార్థి వీసా పత్రం) బ్యాగులో ఉండాలి, ఫోన్లో ఫొటో ఉంటే సరిపోతుందనుకోవద్దు.

‘ఇంత చిన్న గ్రాంటు సీవీలో పెట్టుకుంటే నవ్వుతారేమో’ అని ప్రపోజల్ మార్జిన్‌లో రాసుకున్నారు, కొట్టేయడం మర్చిపోయినట్టున్నారు! ఎవరూ నవ్వరు. ఎడారి శాస్త్రం నిలబడిందే ఒక చోటుని పట్టుకుని వదలని పనుల మీద. కార్నెగీ సంస్థ 1903లో అరిజోనాలోని టూసాన్ పక్కన తుమామాక్ గుట్ట మీద ఎడారి ప్రయోగశాల పెట్టింది. 1906లో అక్కడ గుర్తులు పెట్టిన ప్లాట్లలో కొన్నిటిని ఇప్పటికీ వెళ్ళి కొలుస్తుంటారు. ఆనాడు వాళ్ళు రాసిపెట్టిన అంకెల వల్లే ఒక సువారో కాక్టస్ ఎన్నేళ్ళకి ఎంత ఎదుగుతుందో తర్వాతివాళ్ళు లెక్క కట్టగలిగారు. మీ ప్లాట్ల జీపీఎస్ అంకెలు, ఫొటోలు, కొలతలు పార్కుకీ స్టేషన్‌కీ ఇస్తానని ప్రపోజల్ చివర రాయండి. మీరు డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయాక ఇంకొకరు అదే చోట నిలబడి మళ్ళీ కొలవగలిగితే, డబ్బిచ్చినవాళ్ళకి అది రెండింతల ఫలితం.

తిరస్కరించినవాళ్ళకి మర్యాదగా రాసి, సమీక్షకుల వ్యాఖ్యలు పంపగలరా అని అడగండి. కొందరు పంపరు, కొందరు పంపుతారు. పంపితే వచ్చే విడతకి అదే చోట మళ్ళీ పెట్టండి. సిగ్మా జై ఏటా రెండు విడతలు పిలుస్తుంది. సిఫార్సు ఉత్తరం కోసం మీ గైడ్‌కి మూడు వారాలు ముందు చెప్పండి. చెప్పేటప్పుడు ఒక పేజీ సారాంశం చేతిలో పెట్టండి, లేకపోతే ‘తెలివైన విద్యార్థి, కష్టపడుతుంది’ అని రెండు వాక్యాలు రాసి పంపేస్తారు. మీరు ఏ నెలలో ఏ ప్లాటులో ఏం చేస్తారో ఆయన ఉత్తరంలో కూడా ఉంటేనే బలం.

ఇక మీ స్నేహితుడు. థార్‌లో బట్టమేక పిట్ట అంటే దేశంలో అతి కష్టమైన అనుమతుల్లో ఒకటి అడుగుతున్నట్టే. మన ఒకప్పటి కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల జిల్లా) రోళ్ళపాడులో ఆ పక్షి కోసమే 1988లో అభయారణ్యం పెట్టుకుని కూడా నిలుపుకోలేకపోయాం. ఇప్పుడు మిగిలినవి దేశం మొత్తం మీద 150కి లోపే, వాటిలో ఎక్కువ జైసల్మేర్ వైపు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న పక్షి కాబట్టి రాజస్థాన్ అటవీశాఖ అనుమతి లేకుండా దాని దగ్గరికి పోవడానికి లేదు. సరిహద్దు దగ్గర కొన్ని ఊళ్ళకి జిల్లా అధికారుల అనుమతి కూడా కావాలి. ఒక విద్యార్థి ఒంటరిగా ఇవన్నీ సాధించడం కష్టం. అప్పటికే అక్కడ పనిచేస్తున్న వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి బృందంతో కలిసి, దాని పక్కనున్న ప్రశ్న పట్టుకోవడం నయం: కరెంటు తీగలు, పచ్చిక భూములు, ఓరణ్‌లని పిలిచే ఊరి దేవతల వనాలు. అతను చదివే జోధ్‌పూర్‌లోనే 1959 నుంచి కాజ్రీ అనే కేంద్ర ఎడారి పరిశోధన సంస్థ ఉంది, ఎడారి వ్యవసాయం, పచ్చిక మీద అక్కడ ఉన్నంత రికార్డు బయట దొరకడం కష్టం. ముందు అక్కడికి వెళ్ళి ఎవరితోనైనా మాట్లాడమనండి. డబ్బుకి బ్రిటన్ నుంచి రఫర్డ్ సంస్థ ఇచ్చే చిన్న గ్రాంట్లు చూడొచ్చు, మన దేశం నుంచి చాలామందికి వస్తుంటాయి, కొన్ని వేల పౌండ్లు. అయితే వాళ్ళు కేవలం డిగ్రీ కోసం చేసే పరిశోధనకి ఇవ్వరు. పని వల్ల పక్షికో పచ్చికకో మేలు జరగాలి, అది చూపించాలి. ఏ ఊరు, ఏ పచ్చిక, ఏ కాలం అన్నది అతను ఇంకా తేల్చుకున్నట్టు లేదు. అది రెండు వాక్యాల్లో రాసి పంపమనండి, అప్పుడు విడిగా జవాబిస్తాను.